సగటు 75.33 రావాల్సింది, 75.000000 ఎందుకు వస్తోంది?

సీ ప్రోగ్రామింగ్ భాషలో 70, 75, 81 సగటు తీస్తే, ఫలితం పెట్టే వేరియబుల్ ఫ్లోట్ (దశాంశ సంఖ్యల టైపు) అయినా 75.000000 వస్తోందని అడిగారు కదా, ఫలితాన్ని తెరపై చూపించే మీ ప్రింట్ఎఫ్‌లో తప్పేం లేదండీ, దాన్ని వదిలేయండి. తేడా అంతా భాగహారం దగ్గరే. టోటల్ 226 ఇంట్ (పూర్ణాంకాల టైపు), కింద ఉన్న 3 కూడా ఇంట్, అందుకని సీ ముందు పూర్ణాంకాల భాగహారం చేసి దశాంశ భాగాన్ని కొట్టేస్తుంది, మిగిలిన 75ని ఆ తర్వాతే ఫ్లోట్‌గా మారుస్తుంది. ఈక్వల్ గుర్తుకు ఎడమవైపు ఏ టైపు ఉందో భాగించేటప్పుడు అసలు చూడదు.

3 బదులు 3.0 రాయండి, చాలు.

క్యాస్ట్ (విలువ టైపును మనమే మార్చడం) వాడతానంటే టోటల్ ఒక్కదానికే ముందు ఫ్లోట్ క్యాస్ట్ పెట్టండి, అంతేగానీ భాగహారాన్నంతా బ్రాకెట్లో పెట్టి దానికి క్యాస్ట్ చేస్తే మళ్లీ అదే 75, ఎందుకంటే అప్పటికే దశాంశం పోయింది. కంపైలర్ మామూలుగా వార్నింగ్ కూడా ఇవ్వదు, భాష నియమాల ప్రకారం ఇది తప్పే కాదు మరి (కొత్తవాళ్లకు ఇది కొంచెం అన్యాయమే అంటాను).

ఇక ఫారెన్‌హీట్‌ని సెల్సియస్‌లోకి మార్చే ఎక్సర్‌సైజ్ చేసేటప్పుడు 5/9ని ముందు రాసి గుణించారో, ఏ ఉష్ణోగ్రత ఇచ్చినా సున్నాయే వస్తుంది. అక్కడ 5.0/9 అని రాయండి.