నీలకురింజా? నీలి కురుంజా?

సందేహం: మున్నార్ కొండల్లో పన్నెండేళ్లకోసారి పూసే పువ్వును ఒకచోట ‘నీలకురింజి’ అని, ఇంకోచోట ‘నీలి కురుంజి’ అని చదివాను. ఏది సరి? దీనికి తెలుగు పేరు లేదా? – ఒక పాఠకురాలు

సమాధానం: కురింజి అనే రాయండమ్మా. తమిళుల మాటను వాళ్లు పలికినట్టే తీసుకోక, ఇంగ్లీషు అక్షరాల్లో చదివి తెలుగులోకి దించుకోవడం దేనికి?

ఈ మాట వింటే నాకు ముందు గుర్తొచ్చేది సంగకాలపు కవి దేవకులత్తార్. కుఱుందొగై అనే ప్రాచీన తమిళ ప్రేమకవితల సంకలనంలోని మూడో పాట ఆయనదే. నాలుగే పాదాలు. నేలకంటె పెద్దది, నింగికంటె ఎత్తయినది, నీళ్లకంటె లోతయినది తన చెలిమి అంటుంది నాయిక. ఎవరితో? ‘కరుంకోల్ కురింజి’ పూలతో తేనెటీగలు తేనె పెట్టే కొండసీమ వాడితో. కరు అంటే నల్లని, కోల్ అంటే మన కోలే. అందరూ పువ్వు నీలాన్ని చూసి మురిసిపోతే ఈయన నల్లటి కాడను చూశాడు, తేనెను చూశాడు. తమిళులు కొండసీమకూ, అక్కడి ప్రేమికుల కలయికకూ కురింజి అనే పేరు పెట్టుకున్నారు. అడవిసీమకు ముల్లై, అంటే మన మొల్ల.

ఇక తెలుగు పేరంటారా, పడమటి కనుమల మొక్కకు మనం కొత్త పేరు కట్టనక్కర్లేదు. అయితే మన గోరంట, సంస్కృతంలోని కురంటకం, ఈ కురింజి దగ్గరి చుట్టాలేమోనని నాకు చాలాకాలంగా అనుమానం. ముళ్లగోరింట, కురింజి, అడ్డసరం ఒకే వృక్షకుటుంబానివి కూడా. (చేతికి పెట్టుకునే గోరింటాకు వేరు.) మాటల చుట్టరికం రుజువయ్యేదాకా అనుమానంగానే ఉంచుదాం.

‘నీల’ సంస్కృతం, ‘కురింజి’ దేశ్యం, వైరిసమాసం (కలపకూడని మాటల కలయిక) కాదా అని ఎవరైనా అడగవచ్చు. పేరు అలాగే జతగా వచ్చింది, విడదీయకండి. ‘నీలి కురింజి’ అన్నా నేను తప్పుపట్టను.

తప్పుపట్టేది ‘పన్నెండేళ్లకోసారి పూసే చెట్టు’ అన్నప్పుడు. అది చెట్టు కాదు, పొద. పైగా ఒక్కసారే పూసి, గింజ రాల్చి చచ్చిపోతుంది. మున్నార్‌లో 2006లో పూసిన పొదలు 2018లో లేవు, పూసింది వాటి పిల్లలు. 2030లో పూయాల్సింది ఆ పిల్లల పిల్లలు. కాబట్టి ‘పన్నెండేళ్లకోసారి ఆ కొండలు పూస్తాయి’ అని రాయండి.