ముందు వాళ్లకి చెప్పు, పేపరోళ్లకి తర్వాత

అమ్మలూ,

మిర్చి తొడిమలు తీసే ఆడోళ్ల ఆరోగ్యం మీద నీ థీసిస్ అయిపోయిందన్నావు, సంతోషం. ప్రెస్ మీట్ పెట్టేస్తా పెదనాన్నా అన్నావు చూడు, అక్కడ మాత్రం కాస్త ఆగు. ముందు ఆ ఆడోళ్ల దగ్గరికి వెళ్లి ఏం తేలిందో చెప్పు. కిలోల లెక్కన కూలి వాళ్లది, నీతో మాట్లాడినంతసేపూ ఆ కూలి పోగొట్టుకున్నట్టేగా, మరి వాళ్ల దగ్గు సంగతి వాళ్లకంటే ముందు ఊరందరికీ తెలియడం ఏం న్యాయం? ఐసీఎంఆర్, అదే వైద్య పరిశోధన మండలి, 2017లో ఇచ్చిన ఎథిక్స్ గైడ్‌లైన్స్‌లో సోషల్ రీసెర్చ్‌కి విడిగా సెక్షనే ఉంది, ఎథిక్స్ కమిటీకి పెట్టేటప్పుడు చూసే ఉంటావు, ఈసారి మళ్లీ తీరిగ్గా చదువు.

మీటింగ్ సాయంత్రం వంటలయ్యాక పెట్టు, వాళ్ల పేటలోనే, అంగన్వాడీ సెంటరైతే బాగుంటుంది. మేస్త్రిని రానీకు. మగాళ్లు అసలొద్దు, నేను కూడా రాను. బాత్రూం లేక పొద్దుటినుంచీ నీళ్లు తాగకుండా ఉండటం, యూరిన్‌లో మంట, ఇవన్నీ మేస్త్రి ముందు ఎవరు మాట్లాడతారు చెప్పు.

పర్సంటేజీలు తీసి పక్కన పెట్టెయ్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రాలో 15-49 ఏళ్ల ఆడోళ్లలో 58.8 శాతానికి రక్తహీనత అని ఉంది, అది చదివితే ఎవరికీ ఏమీ ఎక్కదు, పదిమందిని నిలబెట్టి ఆరుగుర్ని ఒక అడుగు ముందుకి రమ్మను, ఇంచుమించు మీలో ఇంతమందికి రక్తం తక్కువ అని చెప్పు, అప్పుడు చూడు ప్రశ్నలు ఎలా వస్తాయో. కాకపోతే ఇది లెక్క చూపించడానికే, నిజంగా జబ్బున్న వాళ్లని మాత్రం అందరి ముందూ లేపకు తల్లీ.

ఏఎన్ఎంని, అదే ఊళ్లో తిరిగే గవర్నమెంటు నర్సమ్మని, తప్పకుండా పిలువు. రెండు వారాలు దాటి దగ్గుంటే టీబీ ఏమోనని గళ్ల (కఫం) పరీక్ష చేయించుకోవాలి, గవర్నమెంటు ఆసుపత్రిలో ఫ్రీయే, ఆ మాట అక్కడికక్కడ చెప్పే మనిషి ఉండాలి, లేకపోతే భయపెట్టి వచ్చేసినట్టు అవుతుంది. మీటింగ్ నుంచి వచ్చేముందు, చెప్పిందంతా నిమిషం వాయిస్ మెసేజ్‌గా వాళ్లకి వాట్సాప్‌లో పెట్టు, పీడీఎఫ్ ఎవరూ తెరవరు.

ఇక పేపరోళ్లు. వాళ్లు చెడ్డోళ్లని కాదు, హెడ్డింగు కావాలి వాళ్లకి. నువ్వు ఒక్కసారి వెళ్లి అడిగి రాసుకున్న సర్వే, కాబట్టి దగ్గు కారం ఘాటు వల్లే వచ్చిందో, పొయ్యి పొగా, ఇంట్లో మగాళ్ల బీడీలూ కూడా కలిశాయో నీ డేటా తేల్చలేదు, ఆ సంగతి నీకూ తెలుసు. అది వదిలేస్తే 'గుంటూరు మిర్చితో ఊపిరితిత్తులకు ముప్పు' అని కొట్టేస్తారు, మిర్చి యార్డులో వ్యాపారులు గోల, ఆ గోలలో ముందు పని పోయేది ఎవరికి? నీతో మాట్లాడిన ఆడోళ్లకే. అందుకే ఒక పేజీ నోట్ నువ్వే రాసివ్వు, పైన హెడ్డింగు కూడా నువ్వే పెట్టు, మా సర్వే ఏం చెప్పట్లేదో రెండు లైన్లు అందులోనే ఉండాలి, అడిగితే చెబుదాంలే అనుకోకు, ఎవరూ అడగరు.

గోడౌన్ పేర్లు రాయొద్దు. ఏరియా కూడా రాయకు, నలుగురే పనిచేసే చోట అదొక్కటి చాలు, ఎవరు చెప్పారో ఓనరుకి ఇట్టే తెలిసిపోద్ది. ఫొటోల్లో మొహాలు కూడా వద్దు, చేతులు చాలు, ఆ మంటపుట్టిన వేళ్లు చూస్తే చాలదా.

మాస్కులు, టాయిలెట్ల సంగతి మార్కెట్ కమిటీకీ లేబర్ ఆఫీసుకీ వేరే లెటర్ పెట్టు, పేపర్లో చూసి వాళ్లే చేస్తారని కూర్చుంటే కాదు.

ఆ ఒక పేజీ ముందు నాకు పంపు, ఇంగ్లీషుది కాదు, తెలుగుది. పెద్దమ్మ చేత చదివిస్తా, ఎక్కడ ఆగిందో అక్కడ మారుద్దాం.

మీ పెదనాన్న