ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ అంటే పూలకుండీలు సర్దే పనేనా?

ఇంటర్‌లో చేరబోతున్న తమ పాప పార్కులు, బొటానికల్ గార్డెన్లు డిజైన్ చేస్తానంటోందని, అసలు అదొక ఉద్యోగమేనా, మన కడప వైపు పని దొరుకుతుందా అని ప్రొద్దుటూరు నుంచి ఒక తండ్రి అడిగారు. నేను కడపవాడినే, చేసేది ఈ పనే.

ఉద్యోగమేనండీ, అనుమానం వద్దు. కాకపోతే మొక్కల మీద ప్రేమ ఒక్కటే చాలదు, లెక్కలు రావాలి. ముందు ఐదేళ్ల బి.ఆర్క్, అంటే ఆర్కిటెక్చర్ డిగ్రీ. దానికి ఇంటర్‌లో మ్యాథ్స్ తప్పనిసరి, పైగా కాలేజీని బట్టి నాటా అనే ఆర్కిటెక్చర్ ప్రవేశ పరీక్ష గానీ జేఈఈలో ఆర్కిటెక్చర్ పేపర్ గానీ రాయాలి. తర్వాత ల్యాండ్‌స్కేప్‌లో రెండేళ్ల మాస్టర్స్. ఢిల్లీ ఎస్పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్), అహ్మదాబాద్ సెప్ట్ యూనివర్సిటీ, ఇంకా దగ్గరకొస్తే విజయవాడ ఎస్పీఏ ఉన్నాయి. ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ కోసం 2020లో పెట్టిన యూనివర్సిటీ కడపలోనే ఉంది కాబట్టి బి.ఆర్క్ ఇంటి దగ్గరే చదివించొచ్చు. పాపను బైపీసీలో చేర్పిస్తే మాత్రం ఈ దారి లేదు. అప్పుడు రైల్వే కోడూరు దగ్గర అనంతరాజుపేట హార్టికల్చర్ కాలేజీ చూడండి. వాళ్లది మొక్క పెంచే పని, మాది చోటు గీసే పని. సైట్‌లో ఇద్దరికీ రోజూ వాదనే.

ఇక పని సంగతి. మా బుర్రలో సగం నీళ్లే తిరుగుతుంటాయి. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టిందంటే రెండు రోజుల్లో కుమ్మేసి పోతుంది. మే నెలలో చుక్క ఉండదు, ఎండ నలభై దాటుతుంది. అందుకే స్థలం చేతికి రాగానే మొదట చేయించేది కాంటూర్ సర్వే, అంటే నేల ఎత్తుపల్లాల కొలత. వాలు ఎటుంది, వాననీరు ఎక్కడ నిలబెట్టాలి, దారి ఎక్కడ వేస్తే కోసుకుపోదు అనేది తేలాకే మొక్కల లిస్టు. మీ ప్రొద్దుటూరు వైపు నల్లరేగడి అయితే ఇంకో తంటా: వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది. పునాది సరిగ్గా లేకపోతే దారిలో పరిచిన బండలన్నీ లేచిపోతాయి.

బండలంటే గుర్తొచ్చింది, కడప బండ చవక, దగ్గర్లోనే దొరుకుతుంది, అందుకని ప్రతి ఎస్టిమేట్‌లోనూ దూరిపోతుంది. మే నెల మధ్యాహ్నం ఆ నల్ల బండ మీద చెప్పుల్లేకుండా నిలబడి చూడండి! నేనైతే చెట్టు నీడలో అరుగులకు తప్ప వాడను.

ఒక పార్కులో ఎర్రచందనం మొక్కలు పచ్చిక మధ్యలో పెట్టాలని పట్టుబట్టారు. మన జిల్లా చెట్టు, గేటు దగ్గరే కనపడాలట. అది పాలకొండల్లో, లంకమలలో నీరు జారిపోయే రాతి వాలు మీద పెరిగే చెట్టు. పచ్చిక కోసం స్ప్రింక్లర్లు రోజూ తడుపుతుంటే వేర్లు కుళ్లవా? ఎంత చెప్పినా వినలేదు. ఆకులు పసుపెక్కి రాలాయి, చివరికి ఆ గుంతల్లో క్రోటన్లు నాటారు.

బొటానికల్ గార్డెన్ లెక్క వేరు. అక్కడ ప్రతి మొక్కకూ ఒక నంబరు, రిజిస్టరులో ఒక వరుస ఉంటుంది: విత్తనం ఏ కొండలో సేకరించారు, ఎప్పుడు, ఎవరు అని. ఆ వివరం లేని చెట్టు ఎంత అందంగా ఉన్నా పరిశోధనకు పెద్దగా పనికిరాదు. నంబరు బిళ్ల కూడా కాండానికి మేకుతో కొట్టకూడదు, స్ప్రింగుతో వదులుగా చుట్టాలి, కాండం లావెక్కేకొద్దీ అది సాగుతుంది. కడపలోనే యోగి వేమన యూనివర్సిటీలో బొటానికల్ గార్డెన్ ఉంది, పాపను తీసుకెళ్లండి. ఎర్రచందనం, తెల్లకరక, కొండసాంబ్రాణి లాంటి మన కొండల చెట్ల గురించి అక్కడి వాళ్లను అడగమనండి. బెంగళూరు వెళ్తే లాల్‌బాగ్ సరే సరి, 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట అది.

డబ్బు విషయం దాచను. మొదటి కొన్నేళ్లు జీతం తక్కువే, సాఫ్ట్‌వేర్‌లో ఉన్న బంధువుల పిల్లలతో పోల్చకండి. ఆఫీసులు ఎక్కువగా బెంగళూరు, హైదరాబాద్‌లలోనే. కడప వైపు పని ఉంటుంది గానీ చాలావరకు టెండర్ల పని, బిల్లులు ఆలస్యం. మొక్కలు నాటడానికి డబ్బిస్తారు, రెండో వేసవిలో నీళ్లు పోసే మాలికి ఇవ్వరు. అందుకే నేను మెయింటెనెన్స్ కూడా ఒప్పందంలో రాయించుకుంటాను, లేకపోతే ఒప్పుకోను.

రేపు పాపకు ఈ పని నచ్చకపోయినా నష్టం లేదు. బి.ఆర్క్‌తో కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ అయితే ఇళ్లు, స్కూళ్లు, ఆసుపత్రులు ఏవైనా డిజైన్ చేసుకోవచ్చు.