ఆ ఇంటి వేడినీళ్లు, మన ఇంటి పోపు

ప్రశ్న: మాది గాజువాక. ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో మాస్టర్స్ చదువుతున్నాను. సెప్టెంబరు నుంచి ఒక ఐరిష్ దంపతుల ఇంట్లో గది తీసుకుని ఉంటున్నాను. పొద్దున టిఫిను, రాత్రి భోజనం వాళ్లే పెడతారు. మొదట్లో బాగా చూసుకున్నారు. తర్వాత బాత్రూమ్ తలుపు మీద ‘షవర్ పది నిమిషాలు’ అని చీటీ అంటించారు. ఒకరోజు పప్పుకి పోపు పెడితే ఇల్లంతా పొగ అలారం మోగింది. ఆవిడ ముభావంగా ఉంటున్నారు. రాత్రి తిండి చాలడం లేదు, అడగాలంటే మొహమాటం. గది చల్లగా ఉంటుంది. అమ్మ ఫోన్ చేస్తే ఏడుపు ఆగడం లేదు. నాన్న వెంటనే ఇల్లు మారిపొమ్మంటున్నారు. వాళ్లు నన్ను చిన్నచూపు చూస్తున్నారా?

జవాబు: ఇప్పుడే ఇల్లు మారొద్దమ్మా. నువ్వు రాసినవాటిలో చిన్నచూపు అనదగ్గది నాకు కనబడలేదు. చీటీ, అలారం, చలి మూడూ ఆ ఇల్లు కట్టిన తీరు వల్ల వచ్చినవి. ఆకలి మాత్రం మన మర్యాదకీ వాళ్ల మర్యాదకీ పొంతన కుదరక వచ్చింది. డబ్లిన్‌లో చదువు మధ్యలో గది దొరకడం చాలా కష్టం. కంగారులో, చూడని గదికి అడ్వాన్సు పంపి మోసపోయే విద్యార్థులు ఏటా ఉంటున్నారు.

ముందు తిండి సంగతి, ఎందుకంటే కడుపు నిండనివాళ్లకి మిగతావన్నీ పెద్దగానే కనబడతాయి. మన ఇళ్లలో ‘ఇంకొంచెం వేసుకో’ అంటే ‘వద్దండీ’ అంటాం. వాళ్లు మళ్లీ అంటారు, మనం మళ్లీ వద్దంటాం, మూడోసారికి కంచంలో పడుతుంది. వద్దనడం మర్యాద, వినకుండా వడ్డించడం ప్రేమ. అక్కడ ఒక్కసారే అడుగుతారు. నువ్వు వద్దంటే వద్దనే అర్థం. మళ్లీ అడిగితే నిన్ను ఇబ్బంది పెట్టినట్టని వాళ్లు ఆగిపోతారు. నువ్వు ఆకలితో గదిలోకి వెళ్తున్నావు, ఆవిడేమో ‘నా వంట ఈ పిల్లకి నచ్చడం లేదు’ అనుకుంటూ గిన్నెలు సర్దుతున్నారు. ఆ ముభావానికి సగం కారణం ఇదే అయ్యుండొచ్చు. కాబట్టి మొదటిసారే ‘అవును, ఇంకొంచెం కావాలి’ అను. బంగాళదుంపలు, బ్రెడ్డు రెండోసారి అడిగితే వాళ్లకి సంతోషమే. కందిపొడి సీసా తెచ్చి, ‘మా ఇంట్లో అన్నింట్లోనూ ఇది కలుపుకుంటాం, బల్ల మీద పెట్టుకోవచ్చా?’ అని అడుగు. ఉడికించిన దుంపలో కందిపొడి, వెన్న కలిపితే నీకు భోజనం చేసినట్టుంటుంది, ఆవిడ వంటనీ కాదన్నట్టుండదు.

తిననివాటిని మాత్రం స్పష్టంగా చెప్పాలి. ‘బీఫ్ తినను’ అంటే వాళ్లు ముక్కలు పెట్టరు, అంతే. పైన పోసే గ్రేవీ, సూపులో వేసే స్టాక్ క్యూబు, జెల్లీలో జిలటిన్ పశువు నుంచి వచ్చినవే అయినా వాళ్ల లెక్కలోకి రావు. వీటిని పేరుపేరునా చెప్పు. భోజనానికి రాలేని రోజు మధ్యాహ్నంలోపు మెసేజ్ పెట్టు. ఆరు గంటలకి నీ కోసం ప్లేటు పెట్టి, నువ్వు ఎనిమిదికి వస్తే ఆవిడకి కష్టం వేస్తుంది.

ఇంకొకటి, థాంక్స్. మనం అమ్మకి థాంక్స్ చెప్పం, చెబితే ‘పరాయిదాన్నా?’ అంటుంది. అక్కడ భార్యాభర్తలు కూడా టీ కప్పు అందుకుంటూ చెప్పుకుంటారు. నువ్వు వాళ్లని సొంతమనుకుని చెప్పకపోతే, పట్టించుకోలేదని వాళ్లు అనుకుంటారు. తిన్నాక నీ ప్లేటు సింకులో పెట్టి ఒక్క మాట చెప్పు. అంకుల్, ఆంటీ అని పిలిచే అలవాటు వాళ్లకి లేదు. ఎలా పిలవమంటారో అడుగు. పేరు పెట్టి పిలవమంటే అలాగే పిలువు, అది అమర్యాద కాదు.

ఇప్పుడు చీటీ. మనకి బకెట్ స్నానానికి 20 లీటర్లు చాలు. షవర్ నిమిషానికి 8 నుంచి 10 లీటర్లు పోస్తుంది. అక్కడి పాత ఇళ్లలో వేడినీళ్లు ఒక ట్యాంకులో నిల్వ ఉంటాయి. అది ఉన్న అలమరని ‘హాట్ ప్రెస్’ అంటారు. దాంట్లో పట్టేది సుమారు 120 లీటర్లు. ఖాళీ అయితే 3 కిలోవాట్ల హీటరుతో మళ్లీ కాగడానికి రెండు గంటల దాకా పడుతుంది. నువ్వు పొద్దున్నే 20 నిమిషాలు నిలబడితే తర్వాత వెళ్లినవాళ్లకి చన్నీళ్లే. షవర్ పక్కన గోడకి తెల్ల పెట్టె, పైకప్పు నుంచి వేలాడే తాడు స్విచ్చు ఉంటే అది ఎలక్ట్రిక్ షవర్. దానికి నీళ్లు అయిపోవు, కరెంటు అయిపోతుంది. 9 కిలోవాట్లది 20 నిమిషాలు నడిస్తే 3 యూనిట్లు, అంటే దాదాపు ఒక యూరో. తలంటుకునే రోజు వారానికి ఒకటి చెప్పి, ఆ రోజు 15 నిమిషాలు పడుతుందని ముందే అడుగు.

తలంటు అన్నాను కాబట్టి కొబ్బరినూనె సంగతీ చెప్పాలి. 24 డిగ్రీల లోపు అది గడ్డకడుతుంది. డబ్లిన్ చలికాలంలో డ్రైను పైపులు అంతకంటే చాలా చల్లగా ఉంటాయి. నూనె, పొడవు జుట్టు కలిసి లోపల ముద్దయితే నీళ్లు వెనక్కి తన్నుతాయి. ఒకటి రెండు యూరోలకి దొరికే జాలీ కొని డ్రైను మీద పెట్టు, స్నానం అయ్యాక జుట్టు తీసి చెత్తబుట్టలో వెయ్యి. అక్కడి బాత్రూమ్ నేలకి సాధారణంగా తూము ఉండదు, కింద చెక్క ఉంటుంది. నేల మీద పడ్డ మగ్గు నీళ్లు కింది గది సీలింగులో మరకై తేలతాయి. షవర్ కర్టెన్ అంచు టబ్బు లోపలికి ఉంచు, బయటికి వచ్చేముందు నేల తుడుచు.

పోపు దగ్గర జరిగింది కూడా చెబుతాను. ఇండక్షన్ పొయ్యి మీద గిన్నె క్షణాల్లో కాగుతుంది. 9 మీద పెడితే ఆవాలు వేసేలోపే నూనె పొగలొస్తుంది. ఆ ఇళ్లలో అలారాలు ఒకదానికొకటి కలిపి ఉండటం వల్ల ఒకటి పసిగడితే అన్నీ మోగుతాయి. 5 మీద పెట్టు, వెనక పొయ్యి వాడు (పైన పొగ లాగే హుడ్ దాన్నే బాగా కప్పుతుంది), ఫ్యాను ముందే వెయ్యి, వంటింటి తలుపు మూసి కిటికీ తెరువు, ఆవాలు పడగానే మూత పెట్టు. ఎండుమిర్చి చివర్లో, పొయ్యి ఆపేశాక. అలారానికి గుడ్డ చుట్టడం, బ్యాటరీ తీయడం ఎన్నడూ చేయకు. పట్టుబడితే ఇల్లు ఖాళీ చేయమనడానికి అదొక్కటే చాలు. ఇంకా తేలిక దారి: వారానికి ఒకసారి, వాళ్లు బయటికి వెళ్లిన వేళ, నాలుగు గరిటెల నూనెలో ఆవాలు, మినప్పప్పు, జీలకర్ర, ఇంగువ, ఎండుమిర్చి వేయించి, ఆరాక సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకో. దాంట్లో వెల్లుల్లి వేయొద్దు, నూనెలో నిల్వ ఉంటే ప్రమాదం. వంటప్పుడు హాల్లో వేలాడే కోట్లకి వాసన పట్టేస్తుంది, ఆ తలుపు మూసి ఉండాలి. అమ్మ పంపిన ఎండుచేపలు మాత్రం ఆ ఇంట్లో వేయించకు. అలాగే నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి పార్సిల్‌లో పంపొద్దని అమ్మకి చెప్పు. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు తేవడం నిషేధం. ఆవకాయకి ఆ గొడవ లేదు.

చలి విషయంలో నీ బాధ న్యాయమే. హీటింగు పొద్దున ఓ రెండు గంటలు, సాయంత్రం ఇంకొన్ని గంటలు వేయడం అక్కడ మామూలు, కానీ చదువుకునే గది 18 డిగ్రీలకి తగ్గకూడదు. మన విశాఖలో జనవరి తెల్లవారుజామున ఆపాటికి దిగితేనే మఫ్లర్లు తీస్తాం కదా. చిన్న థర్మామీటరు కొని మూడు రోజులు అంకెలు రాసుకో. ‘చలిగా ఉంది’ కంటే ‘రాత్రి తొమ్మిదికి గదిలో 15 ఉంటోంది’ అన్న మాట పని చేస్తుంది. గదిని వేడిచేసే రేడియేటరు పక్కన ఉన్న వాల్వు 1 మీద ఉందేమో చూడు, 3 లేక 4 మీద ఉండాలి. రేడియేటరు మీద తడిబట్టలు ఆరేయకు. ఒక లోడు బట్టల నుంచి రెండు లీటర్ల దాకా నీరు గాల్లోకి చేరి, గోడ మూలల్లో నల్ల బూజుగా పుడుతుంది. గాలి వస్తోందని గోడకున్న వెంటు గుడ్డతో మూసినా అదే జరుగుతుంది.

చిన్నదే అయినా చెబుతాను: నీళ్ల సీసాలు నలిపి పడేయకు. 2024 ఫిబ్రవరి 1 నుంచి ఐర్లండ్‌లో ప్లాస్టిక్ సీసాకి, డబ్బాకి డిపాజిట్ ఉంది, 500 మిల్లీలీటర్ల వరకు 15 సెంట్లు, ఆపైన 25. నలిగినదాన్ని మెషీను తీసుకోదు.

అమ్మ ఫోన్ గురించి. చలికాలంలో అక్కడికీ ఇక్కడికీ అయిదున్నర గంటల తేడా. అమ్మ పొద్దున ఆరింటికి లేచి చేస్తే నీకు అర్ధరాత్రి దాటుతుంది. నిద్ర కళ్లతో, చలిలో, గోడ అవతల వాళ్లు పడుకుని ఉండగా గుసగుసగా మాట్లాడితే ఎవరికైనా ఏడుపే వస్తుంది. నువ్వు పొద్దున ఎనిమిదింటికి చెయ్యి, గాజువాకలో మధ్యాహ్నం ఒకటిన్నర. నాన్నకి వీలు కాకపోతే కాలేజీ నుంచి నాలుగున్నరకి, అక్కడ రాత్రి పది. మార్చి చివరి ఆదివారం నుంచి తేడా నాలుగున్నర గంటలవుతుంది.

నాన్నగారి భయాన్ని కొట్టిపారేయకు. ఇంటివాళ్లు అక్కడే ఉండే ఇంట్లో గది తీసుకున్నవాళ్లని ఐర్లండ్ చట్టం అద్దెదారులుగా చూడదు, అతిథి లాంటి లైసెన్సీగానే చూస్తుంది. అందుకే ఖాళీ చేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, అడ్వాన్సు ఎంత, ఎప్పుడు తిరిగిస్తారు, భోజనంలో ఏమేం కలిశాయి అన్నవి మెసేజ్ రూపంలోనైనా రాయించుకో. తలుపు కొట్టకుండా గదిలోకి రావడం, పాస్‌పోర్టు అడిగి దాచుకోవడం, పిల్లల్ని చూడమని ఉచితంగా పని చేయించడం, రసీదు లేకుండా డబ్బు తీసుకోవడం, వీటిలో ఏ ఒక్కటి జరిగినా సర్దుకోకు. అదే రోజు యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకి వెళ్లు. భయం వేస్తే అత్యవసర నంబరు 112కి ఫోన్ చెయ్యి.

ఈ ఆదివారం మధ్యాహ్నం వాళ్లు టీ తాగే వేళ ఒక అరగంట అడుగు. ముందు అలారం సంగతి క్షమాపణ చెప్పి, ఇక ఎలా వండుతావో చెప్పు. తర్వాత రెండే అడుగు: తలంటు రోజు, గదిలో వేడి. కందిపొడి సీసా ఆ టీ దగ్గరికే తీసుకెళ్లు. సోమవారం పొద్దున ఎనిమిదింటికి నాన్నకి ఫోన్ చేసి, వాళ్లు ఏమన్నారో వాళ్ల మాటల్లోనే చెప్పు. మారాలా వద్దా అన్నది ఇద్దరూ అప్పుడు మాట్లాడుకోండి.