నాన్న బాల్కనీలో సిగరెట్ తాగితే ఇంట్లో పసిబిడ్డకు హాని ఉంటుందా?

ఉంటుంది, కాస్త తగ్గుతుందంతే. తలుపు సందుల్లోంచి పొగ లోపలికి వస్తుంది. చొక్కాకు, వేళ్లకు పట్టిన నికోటిన్ బిడ్డను ఎత్తుకోగానే ఒంటికి అంటుతుంది. ఆ పొగలో 7,000కు పైగా రసాయనాలున్నాయి. వాటిలో 70 వరకు క్యాన్సర్ కారకాలే. పసివాళ్లు పెద్దలకన్నా వేగంగా ఊపిరి తీస్తారు. అందుకే చెవిపోటు, ఉబ్బసం, న్యుమోనియా. నెలల పిల్లలైతే నిద్రలోనే హఠాత్తుగా చనిపోయే ముప్పు కూడా పెరుగుతుంది.

పెద్దలకూ మినహాయింపు లేదు. సిగరెట్ తాగేవారి భార్యలకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎక్కువని జపాన్‌లో హిరయామా అనే పరిశోధకుడు 1981లోనే చూపించారు. ఇలా పక్కవారి పొగ పీల్చేవారికి గుండెజబ్బు ముప్పయితే 25–30 శాతం పెరుగుతుంది.

అగరుబత్తి వెలిగిస్తే వాసన మరుగున పడుతుంది, విషం పోదు. పైగా అదీ పొగే! పూర్తిగా మానేదాకా గేటు బయటే తాగి, చొక్కా మార్చి, చేతులు కడిగాకే బిడ్డను ఎత్తుకోమనండి.