షెడ్డుకు దాతలుంటారు, జీతాలకు?
మూగజీవాల షెల్టర్, తక్కువ ఫీజు క్లినిక్‌పై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: దెబ్బతిన్న కుక్కలు, పిల్లుల కోసం ఒక షెల్టర్, దాని పక్కనే తక్కువ ఫీజుతో క్లినిక్ పెట్టాలని మా పన్నెండుమంది మిత్రుల ఆలోచన. మాలో ఒకరికి అరెకరం పొలం ఉంది. షెడ్డుకు 5 లక్షలు ఇస్తానని ఒక దాత మాటిచ్చారు. పని మొదలుపెట్టవచ్చా?
– జడ్చర్ల పాఠకులు

జవాబు: ఇప్పుడే పునాది తవ్వకండి. షెడ్డుకు దాత దొరకడం కష్టం కాదు, గోడ మీద పేరు ఉంటుంది. బియ్యం బస్తా తెచ్చేవాళ్లూ ఉంటారు. దొరకనిదల్లా ప్రతి నెలా ఒకటో తారీకున జీతాలకు ఇచ్చేవాళ్లు.

నలభై కుక్కలకు లెక్క వేద్దాం. 15 కిలోల కుక్కకు రోజుకు 150 గ్రాముల నూకలు, 150 గ్రాముల చికెన్ తోలు, కార్జం, కందనకాయ చాలు. ఉడికించిన ఎముకలు మాత్రం వేయొద్దు, చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. ఈ లెక్కన నెలకు నూకలు 180 కిలోలు, చికెన్ 180 కిలోలు. నూకలు కిలో 28, చికెన్ 40 అనుకుంటే 12,240 రూపాయలు. వండడానికి 19 కిలోల సిలిండర్ ఒకటి, దానికి 2,000. పగలొకరు, రాత్రొకరు పనివాళ్లు 28,000. డాక్టర్ 45,000. మందులు 15,000. కరెంటు, నీళ్లు, శుభ్రత, ఆసుపత్రి వ్యర్థాల తరలింపు కలిపి 8,000. మొత్తం 1,10,240. ఇవి అంచనా ధరలే, మీ ఊళ్లో కనుక్కుని మార్చుకోండి. అయినా ఒక సంగతి మారదు. తిండి ఖర్చు ఎనిమిదో వంతుకు కాస్త ఎక్కువ, జీతాలేమో మూడింట రెండొంతులు. అందుకే ఆరు నెలల ఖర్చు, అంటే 6 లక్షల 60 వేల పైచిలుకు బ్యాంకులో పడ్డాకే మొదటి కుక్కను తీసుకోండి. దాతను కూడా అడిగి చూడండి: 2 లక్షలతో చిన్న షెడ్డు, మిగతా 3 లక్షలు మొదటి ఏడాది జీతాలకు ఒప్పుకుంటారేమో.

నెలకు 500 చొప్పున ఇచ్చే 100 మంది ఉంటే 50 వేలు ఖాయంగా వస్తాయి. ఒక్కసారి లక్ష ఇచ్చి మాయమయ్యే మనిషి కన్నా వీళ్లు మేలు. బ్యాంకు ఖాతాలో ఆటో డెబిట్ పెట్టించండి, ప్రతి నెలా ఫోన్ చేసి అడిగితే మూడో నెలకు ఎత్తడం మానేస్తారు.

ఇక కాగితాలు. సొసైటీ రిజిస్ట్రేషన్‌కు కనీసం ఏడుగురు సభ్యులు కావాలి, మీరు పన్నెండుమంది కనుక ఇబ్బంది లేదు. పొలం మాత్రం మీ మిత్రుడి పేరు మీదే ఉండిపోతే రేపు అన్నదమ్ముల పంపకాల్లో షెల్టర్ రోడ్డున పడుతుంది. సొసైటీ పేరిట కనీసం పదేళ్ల లీజు రిజిస్టర్ చేయించండి. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ కాకపోతే చెల్లదు. సాగుభూమిలో కట్టడానికి భూభారతి పోర్టల్‌లో వ్యవసాయేతర మార్పిడి (నాలా) కూడా చేయించాలి.

మీది 44వ నంబర్ హైవే. బండి గుద్ది కాలు విరిగిన కుక్క ఆరు నుంచి ఎనిమిది వారాలు బోనులోనే ఉంటుంది. అలాంటివి పది వస్తే పది బోన్లు రెండు నెలలు కదలవు. ఎన్నింటిని తీసుకుంటారో ముందే గోడ మీద రాసిపెట్టండి, నిండితే వద్దనండి. కఠినంగా అనిపించినా, నలభై బోన్లలో డెబ్భై కుక్కలను కుక్కితే అన్నిటికీ జబ్బే.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా బంధువులు డబ్బు పంపుతామంటున్నారు. సొసైటీ ఖాతాలో వేయించుకోవచ్చా? రసీదు ఎలా ఇవ్వాలి?
– మిర్యాలగూడ పాఠకురాలు

జవాబు: ముందు వాళ్ల పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన ఇస్తే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు కాపీ ఫైల్లో పెట్టుకుని తీసుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీయులే. వాళ్ల దగ్గర తీసుకోవాలంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. అది రావాలంటే సంస్థకు మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో అసలు పని మీద కనీసం 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. అందాకా ఒక్క డాలరు కూడా వద్దు. బంధువే కదా అని మీ సొంత ఖాతాలో వేయించుకుని అక్కడి నుంచి సొసైటీకి మళ్లించడం ఇంకా పెద్ద తప్పు.

ఇక్కడి దాతలకు పన్ను రాయితీ కోసం 12ఏ, 80జీ అని అందరూ పిలుచుకునే రిజిస్ట్రేషన్లు తీసుకోండి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది కనుక సెక్షన్ల నంబర్లు ఆడిటర్‌తో సరిచూసుకోండి. నగదు విరాళం 2,000 దాటితే రాయితీ ఉండదు, పెద్ద మొత్తాలు బ్యాంకు ద్వారానే రప్పించండి. కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగులకు ఈ రాయితీ ఎలాగూ రాదు, వాళ్లకు దాని ఆశ చూపకండి.

ప్రశ్న: సీఎస్‌ఆర్ నిధులకు (సామాజిక బాధ్యతగా ఇచ్చే డబ్బు) కంపెనీలు, కుక్కల ఆపరేషన్లకు మున్సిపాలిటీ, రెండు దారులూ ఉన్నాయంటున్నారు. ఏది నమ్ముకోవాలి?
– మహబూబ్‌నగర్ పాఠకుడు

జవాబు: మొదటి ఏడాది రెండూ వద్దు. జంతు సంక్షేమం కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో, అంటే సీఎస్‌ఆర్ డబ్బు ఖర్చు చేయదగ్గ పనుల జాబితాలో ఉంది, నిజమే. కానీ డబ్బు తీసుకునే సంస్థ సీఎస్‌ఆర్-1 నంబరుతోపాటు (కంపెనీ వ్యవహారాల శాఖలో నమోదు) అలాంటి పనిలో మూడేళ్ల అనుభవం చూపాలి. ఆ మూడేళ్ల ఆడిట్ పుస్తకాలు ఇప్పటి నుంచే శుభ్రంగా రాసుకోండి.

ఇక మున్సిపాలిటీ. 2023 జంతు జనన నియంత్రణ (ఏబీసీ) నిబంధనల ప్రకారం వీధికుక్కల సంతాన నియంత్రణ స్థానిక సంస్థ బాధ్యత. ఆ పని మీరు చేయాలంటే జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు కావాలి. ఒప్పందం కుక్కకు ఇంత అని ఉంటుంది, బిల్లు మాత్రం నెలలు ఆగి వస్తుంది. కుట్టుదారం, మత్తుమందు, పట్టేవాళ్ల కూలి అప్పటికప్పుడు ఇవ్వాల్సినవి. మూడు నెలల పెట్టుబడి చేతిలో లేకపోతే ఒప్పందం మీద సంతకం పెట్టకండి.

ప్రశ్న: మా దగ్గర గొర్రెలు, మేకలే ఎక్కువ. క్లినిక్ ఫీజు ఎంత పెడితే నడుస్తుంది?
– దేవరకొండ పాఠకుడు

జవాబు: గొర్రెలకు నట్టల మందు, టీకాలు పశుసంవర్ధక శాఖ ఇస్తుంది, 1962కు ఫోన్ చేస్తే బండి వస్తుంది. వాళ్లతో పోటీ పడొద్దు. కుక్కలు, పిల్లులు, ఆపరేషన్లు, సాయంత్రం వేళలు మీ పని. పై లెక్కలోని డాక్టర్ జీతం, మందులు కలిపి 60 వేలు. 26 రోజుల్లో 100 రూపాయల ఫీజుతో అది రావాలంటే రోజుకు దాదాపు 23 కేసులు కావాలి. మొదటి ఏడాది అన్ని రావు. ఫీజు 100 ఉంచి, పెంపుడు కుక్కల ఆపరేషన్లకు అసలు ఖర్చు మీద కొంత కలిపి వసూలు చేయండి. పూర్తిగా ఉచితం అనకండి, కట్టు మార్పించుకోవడానికి మళ్లీ రారు.

రేబిస్ టీకా 10 డోసుల సీసా కొంటే చవక. కానీ మూత గుచ్చిన సీసాను రోజుల తరబడి ఉంచకూడదు. అందుకే వారంలో ఒక రోజును టీకాల రోజుగా ప్రకటించి పది కుక్కలను పోగేయండి. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్ తలుపు అరలో పెట్టొద్దు, తలుపు తీసినప్పుడల్లా వేడెక్కుతుంది. డీప్ ఫ్రీజర్‌లో అసలే వద్దు, గడ్డకడితే టీకా పాడైనట్టే. ఇక డాక్టర్ రాష్ట్ర వెటర్నరీ కౌన్సిల్లో నమోదైన వ్యక్తి అయి తీరాలి, డాక్టర్ లేకుండా కాంపౌండర్‌తో సూదులు వేయించి నడిపితే నేరం.

ప్రశ్న: మా చిన్న షెల్టర్లో కుక్కపిల్లలు వాంతులు, రక్త విరేచనాలతో వరుసగా చనిపోతున్నాయి. రోజూ ఫినాయిల్‌తో కడుగుతున్నాం. దాతలు కూడా రావడం మానేశారు.
– నల్లగొండ పాఠకురాలు

జవాబు: లక్షణాలు పార్వో వైరస్ జబ్బువి, డాక్టర్‌తో పరీక్ష చేయించండి. ఫినాయిల్‌కు ఆ వైరస్ చావదు, పైగా అది పిల్లులకు విషం. ముందు మలం, మట్టి పోయేలా సబ్బుతో కడిగి, 10 లీటర్ల బకెట్‌కు 60 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్ కలిపి నేలంతా పది నిమిషాలు తడిగా ఉంచండి. మురికి మీదే పోస్తే బ్లీచింగ్ పనిచేయదు. డబ్బా మూత తెరిచి ఉంచినా పౌడర్ బలం పోతుంది.

కొత్తగా వచ్చిన పిల్లను పాతవాటితో కలపకుండా రెండు వారాలు వేరే గదిలో ఉంచండి. ఆ గదికి చెప్పులు, చీపురు, గిన్నెలు వేరు. ముందు ఆరోగ్యంగా ఉన్నవాటికి తిండి పెట్టి, జబ్బు గదిలోకి చివర్లో వెళ్లాలి. బండల నేలకు అడుగుకు పావు అంగుళం వాలు ఇప్పించండి. గోడ బీటల్లో గోమార్లు గుడ్లు పెడతాయి కనుక వాటిని సిమెంటుతో పూడ్చండి. రెండు వారాలు కొత్త పిల్లలను తీసుకోవడం ఆపి, ఆ సంగతి దాతలకు దాచకుండా చెప్పండి.