అందరికీ ఒకే ఫైలు

చి. శ్రీనుకి పెద్దమ్మ ఆశీస్సులు.

హైదరాబాదు ఆస్పత్రిలో డాక్టర్లు, నర్సులు అందరి వృత్తి రిజిస్ట్రేషన్లూ ఒకే పద్ధతిలో చూసే పని నీకు అప్పజెప్పారని మీ అమ్మ చెప్పింది. టెన్షన్ పడుతున్నావట కూడా. నర్సింగ్ ఆఫీసులో ఏళ్ల తరబడి ఈ కాగితాలతోనే వేగినదాన్ని కాబట్టి రాస్తున్నా.

నర్సులది 1947 చట్టం (దాని బదులు 2023లో కొత్తది చేశారు), ఫార్మసిస్టులది 1948ది, డాక్టర్లది 2019 నాటి జాతీయ వైద్య కమిషన్, అంటే ఎన్‌ఎంసీ చట్టం. ల్యాబ్ టెక్నీషియన్లకీ ఫిజియోథెరపిస్టులకీ దేశమంతటికీ కలిపి ఒక చట్టం వచ్చింది 2021లోనే. ఈ చట్టాల కింద రిజిస్ట్రేషన్లు ఇచ్చే కౌన్సిళ్లన్నిటినీ నువ్వు కలపలేవు, ఆ పని మీద పడకు. అడిగే పద్ధతి మాత్రం ఒకటి చెయ్యొచ్చు. ఏ కౌన్సిల్, నంబరెంత, గడువెప్పటిదాకా, పేరు సరిపోయిందా? ఈ నాలుగూ ప్రతి ఫైల్లో మొదటి పేజీలో ఉండాలి. జిరాక్సు చూసి నింపకు. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూడు, దొరక్కపోతే వాళ్లకే ఉత్తరం రాయి.

పేరు దగ్గరే చిక్కంతా. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, రిజిస్ట్రేషన్‌లో పొడి అక్షరం, పెళ్లయ్యాక ఆధార్‌లో అత్తింటి పేరు. ఒకమ్మాయి ఇలా మూడు పేర్లతో వస్తే దొంగ సర్టిఫికెట్ అనుకుని వారం రోజులు తిప్పాను. పాపం, అన్నీ తనవే. నర్సుల్లో చాలామందికి నర్సుగా ఒక నంబరు, మిడ్‌వైఫ్‌గా ఇంకో నంబరు ఉంటాయి, రెండూ రాసుకో. 2014కి ముందు హైదరాబాదులోనే రిజిస్టరైనవాళ్ల సర్టిఫికెట్ మీద కూడా ఆంధ్రప్రదేశ్ అనే ఉంటుంది. అది చూసి పక్క రాష్ట్రమని వెనక్కి పంపేయకు, తెలంగాణ కౌన్సిల్‌లోకి మార్చుకున్నారా అని అడుగు.

అసలు సంగతి ఇది. పెద్ద డాక్టర్లని అడగడానికి ఆఫీసులో అందరికీ మొహమాటం. నేను పనిచేసిన ఒక చోట ఒకాయన రెన్యువల్ తేదీ దాటి ఎనిమిది నెలలైంది. ఏదో ఇన్సూరెన్సు క్లెయిములో కాగితం అడిగేదాకా ఎవరికీ తెలీదు. అదే ఏడు ఓ నర్సుకి రెండు రోజులు దాటితే డ్యూటీ ఆపించాం. ఆపించింది నేనే.

అందుకని, ఫైళ్లు మీ సూపరింటెండెంటు గారితోనే మొదలుపెట్టు. ఆయనదీ అదే కాగితం, అవే నాలుగు ప్రశ్నలు. ఆయన ఇచ్చాక ఇంకెవరూ ఎదురు చెప్పరు. చిరాకు పడితే మాత్రం మా పెద్దమ్మ చెప్పిందని అనకు.

మీ పెద్దమ్మ